చెట్టు, కోయిల, ‘వలెనోయ్’ అని ముగిసే పాదాలు: ఈ బడి పాట ఏదో చెప్పగలరా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నాలుగో తరగతిలో మా టీచరు గారు నేర్పిన ఒక పాట కొన్ని నెలలుగా నన్ను వెంటాడుతోంది. మా అమ్మాయికి నేర్పుదామని కూర్చుంటే నాలుగు ముక్కలకు మించి గుర్తుకు రావడం లేదు. పాఠ్యపుస్తకం నా దగ్గర లేదు, నేర్పిన టీచరు గారు ఇప్పుడు లేరు. గుర్తున్నంతవరకు, తప్పులను దిద్దకుండా, నా చెవిలో ఉన్నట్టే రాస్తున్నాను.

‘పెద్ద చెట్టు పూలు… వలెనోయ్’ (మధ్యలో ఏముందో తెలియదు)
‘ఆకులందున దాగిదాగీ చిలిపి కోయిల పలకవలెనోయ్’ (ఇది గట్టిగానే గుర్తుంది)
‘చెట్టు పట్టా పట్టుకొని దే!’
‘చిన్నీ పాపా చేతులు చరచీ’

మూడో ముక్క పాడేటప్పుడు పిల్లలందరం చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడేవాళ్ళం. ‘దే!’ అని అందరం ఒక్కసారి అరిచి, ఒక అడుగు ముందుకు వేసేవాళ్ళం. అది చెట్టు చుట్టూ తిరిగే ఆటపాట అని నా నమ్మకం. చెట్టు పాటలు, కోయిల పాటలు అంటూ ఎంత వెతికినా ఇది దొరకలేదు.

జవాబు 1

అర్థం ఎంత గుర్తుందన్నది అలా ఉంచి, ముందు నాలుగు సంగతులు చెప్పండి. పాటను పుస్తకంలో చూసి నేర్చుకున్నారా, టీచరు గారు చెబుతుంటే విని నేర్చుకున్నారా? తాళం ఎలా వేసేవారు? తరగతి గదిలో పాడేవారా, ఉదయం ప్రార్థన సమావేశంలోనా? మీరు రాసిన నాలుగు ముక్కలూ ఒకే బాణీలో ఉన్నాయా? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. రెండు మూడు పాటలు మనసులో కలిసిపోయి ఒకే పాటగా గుర్తుండిపోవడం చాలామందికి జరుగుతుంది.

జవాబు 2

‘దే!’ అని అరిచి అడుగు వేయడం, చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడడం చూస్తే ఇది నోటినుంచి నోటికి వచ్చిన ఆటపాట అనిపిస్తోంది. అటువంటి పాటల్లో అర్థం లేని అరుపులు సహజం. కర్త పేరు దొరకకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

విని నేర్చుకున్నదే, పుస్తకంలో చూసిన గుర్తు లేదు. టీచరు గారు చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. ఒక దెబ్బకు, తరువాతి దెబ్బకు మధ్య ఎడం సమానంగా ఉండేది కాదు, ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉండేది. ఇప్పుడు పాడి చూసుకుంటే మొదటి మూడు ముక్కలూ ఒకే బాణీలో ఉన్నాయి. ‘చిన్నీ పాపా’ మాత్రం ఆ దెబ్బలకు అతకడం లేదు.

జవాబు 3 (పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయిని)

అమ్మా, స్కేలు దెబ్బల సంగతి చెప్పి మీరే సగం జవాబు ఇచ్చేశారు. మీ పాట ఆటపాట కాదు, చెట్టు పాట కూడా కాదు. గురజాడ అప్పారావు గారి (1862–1915) ‘దేశభక్తి’ గేయంలోని చివరి భాగం అది. ‘దేశమును ప్రేమించుమన్నా’ అనే ఎత్తుగడ తెలియనివారు అరుదు కాని, గేయం చివరిదాకా వచ్చినవారు అంతకంటే అరుదు. అందుకే మీకు గాని, ఇక్కడి మిత్రులకు గాని వెంటనే తట్టలేదు. మీరు వెతికే పాదాలు ఇవి.

చెట్టపట్టాల్ పట్టుకొని దే
శస్థులంతా నడవవలెనోయ్

కొంత ముందుకు వెళితే:

దేశమనియెడి దొడ్డవృక్షం
ప్రేమలను పూలెత్తవలెనోయ్
నరుల చెమటను తడిసి మూలం
ధనం పంటలు పండవలెనోయ్
ఆకులందున అణగిమణగీ
కవిత కోయిల పలకవలెనోయ్

ఇదేనని ఎలా చెప్పగలుగుతున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక్క కోయిల మాట కలిసినంత మాత్రాన పాట కలిసినట్టు కాదు. ఈ గేయం నడక మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు (మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత). అంటే చాలావరకు పాదానికి పద్నాలుగు. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, ఒత్తక్షరానికి ముందున్నదానికి, పొల్లుతో కలిసినదానికి రెండు. ‘దేశ / మనియెడి / దొడ్డ / వృక్షం’ అని విడగొట్టి వేళ్ళ మీద లెక్కపెట్టండి, 3, 4, 3, 4 వస్తుంది. మీ టీచరు గారి స్కేలు పొట్టిగా ఒకసారి, పొడుగ్గా ఒకసారి పడింది ఇందుకే. దీన్ని మిశ్రగతి అంటారు.

ఇప్పుడు మీ ముక్కలు చూద్దాం. ‘చెట్టు / పట్టా / పట్టు / కొనిదే’ అన్నది 3, 4, 3, 4 గానే ఉంది. మాట మారినా లెక్క చెడలేదు. చెట్టపట్టాలు అంటే చేయీ చేయీ పట్టుకోవడం. నాలుగో తరగతి పిల్లకు ఆ మాట తెలియదు, చెట్టు తెలుసు; కాబట్టి చెవి తెలిసిన మాటనే వింది. చేతులు పట్టుకొని నిలబెట్టి టీచరు గారు అర్థం చేతల్లోనే నేర్పారు, మీకు చేతలు మిగిలి మాట మారింది. ఇక ‘దే!’ అన్నది అర్థం లేని అరుపు కాదు. ‘దేశస్థులంతా’ అన్న మాట పాదం చివర రెండుగా విరిగి, ‘దే’ ఇటు, ‘శస్థులంతా’ అటు పడ్డాయి. పాదం చివర ఆగి పాడితే ‘దే’ ఒంటరిగా వినిపిస్తుంది.

‘చిలిపి కోయిల’ కూడా అంతే. చిలిపి మూడు మాత్రలు, కవిత మూడు మాత్రలు. ‘దాగిదాగీ’ సైతం లెక్కకు సరిపోతుంది గాని, అసలు పాదంలో ‘ఆకులందున’లోని ఆకారానికి ‘అణగిమణగీ’లోని అకారం యతిగా, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరంగా, పలుకుతోంది, మీ మాటతో ఆ పలుకు పోయింది. ఈ గేయంలో ప్రతి పాదానికీ యతి లేదు కాబట్టి దీన్ని గట్టి నియమంగా పట్టుకోవద్దు, అనుమానం వచ్చినచోట ఆసరాగా మాత్రమే వాడండి. ‘పెద్ద చెట్టు’ అన్నచోట మాత్రం చెట్టు మూడే మాత్రలు, అక్కడ నాలుగు కావాలి. ‘వృక్షం’ అనగానే నిండుతుంది.

ప్రశ్న అడిగినవారు

టీచర్ గారూ, మీ జవాబు చదువుతూ ‘శస్థులంతా’ దగ్గరికి వచ్చేసరికి మిగతా పాదం నా నోటికి దానంతట అదే వచ్చింది. ఇన్నేళ్ళూ ‘దే!’ తరువాత పాట ఆగిపోతుందనే అనుకున్నాను. మీకు ఎన్ని నమస్కారాలు చెప్పినా చాలదు. ‘చిన్నీ పాపా చేతులు చరచీ’ కూడా ఇందులోదేనా?

జవాబు 3

కాదమ్మా. అందులో నాలుగేసి మాత్రల గణాలే (విరుపు ముక్కలే) వరుసగా ఉన్నాయి, అది చతురశ్రగతి. ఆ మాటలు ‘దేశభక్తి’లో ఎక్కడా లేవు. అది వేరే పాట తునక. దాన్ని ఈ పాటలోనుంచి విడదీసి, బాణీతో సహా గుర్తున్నంతా రాసి, విడి ప్రశ్నగా అడగండి.

జవాబు 4

వెతకడం గురించి ఒక మాట చేరుస్తాను. ‘చెట్టు’, ‘కోయిల’ వంటి మాటలు వేల పాటల్లో ఉంటాయి కాబట్టి వాటితో వెతికితే లాభం లేదు. ‘పలకవలెనోయ్’ వంటి అరుదైన రూపాన్ని పట్టుకోవాలి. అదే మాటను కొందరు ‘పలక వలెనోయ్’ అని విడదీసి, కొందరు ‘పలుకవలెనోయ్’ అని రాస్తారు. ‘చెట్టపట్టాల్’ను ‘చెట్టాపట్టాల్’ అనేవారూ ఉన్నారు. అన్ని రూపాలతోనూ వెతకాలి. మరొక చిక్కు ఉంది. పాత పుస్తకాలు చాలావరకు పేజీల బొమ్మలుగానే దొరుకుతాయి, వాటి లోపలి మాటలు చాలాసార్లు వెతుకులాటకు చిక్కవు. తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల అక్షరాలుగా టైపు చేసిన పాఠాల్లో ముందు వెతికి, ఆ తరువాతే బొమ్మల పుస్తకాలు తిరగవేయడం మేలు.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. చివరగా ఒక్క సందేహం. మా అమ్మాయికి అసలు మాటలతోనే నేర్పాలని ఉంది కాని, నా నోటికి పాత బాణీయే వస్తోంది. ‘దే’ దగ్గర ఆగకుండా ఎలా పాడించాలి?

జవాబు 3

బాణీ మార్చనక్కరలేదు. ముందు పాట లేకుండా ‘పట్టుకొని దేశస్థులంతా’ అని మామూలు మాటల్లా నాలుగైదు సార్లు చెప్పించి, చేతులు పట్టుకొని నడవడమంటే ఏమిటో చేసి చూపించండి. తరువాత పాడేటప్పుడు ‘పట్టుకొని’కి ముందే ఊపిరి తీసుకోమనండి, ‘దే’ తరువాత తీసుకోవద్దని చెప్పండి. మీరు అప్పట్లో వేసిన అడుగును మాత్రం ‘నడవ’ అన్న మాట మీదకు జరపండి. చివరి పాదాల్లోనూ ఇదే విరుపు వస్తుంది: ‘పలుకులను విని దేశమందభి / మానములు మొలకెత్తవలెనోయ్’. అక్కడ ‘అభిమానములు’ అనే మాట విరిగింది. అమ్మాయి మొదటి విరుపు దాటితే రెండోది తనే దాటుతుంది.