"ఒళ్ళు చేశావ్" అనేది పలకరింపేనా?

పెరంబూరు నుంచి:

మొన్న మన చెన్నై తెలుగువాళ్ళ గ్రూపులో ఒకబ్బాయి అడిగిన ప్రశ్నను చాలామంది నవ్వి వదిలేశారు. ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డులో) ఇతనితో కలిపి ముగ్గురు కుర్రాళ్ళు ఒక ఫ్లాట్‌లో ఉంటున్నారు. సంక్రాంతికి నెల్లూరు వెళ్ళి వచ్చిన ఇతన్ని చూసి ఒకడు "బాగా ఒళ్ళు చేశావ్‌రా" అన్నాడట, కరీంనగర్ స్నేహితుడు "దొడ్డుగైనవ్" అన్నాడట. అప్పట్నుంచి రాత్రి కంచం ముందు కూర్చుంటే చాలు, ఆ మొదటివాడు "మళ్ళీ అన్నమేనా?", "ఇది ఎన్నో మారు?" అని మొదలుపెడుతున్నాడట. ఇది మన భాషలో మామూలు పలకరింపేనా, స్నేహితులు ఇలా అనొచ్చా అని అడిగాడు. నాకైతే నవ్వు రాలేదు. అందుకే విడిగా చర్చ పెడుతున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. లావు అనేది పుట్టుకతో తిట్టు కాదు. గజేంద్రమోక్షంలో మొసలి పట్టుకున్న ఏనుగు "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె" అంటుంది. ఏనుగుకి లావు లేకపోవడమేమిటని బళ్ళో మేమంతా కిసుక్కున నవ్వేవాళ్ళం. అక్కడ లావంటే బలం. సుమతీ శతకంలో "లావుగలవానికంటెను భావింపగ నీతిపరుడు బలవంతుండౌ" అన్నచోటా అంతే. విచిత్రమేమిటంటే ఆ పద్యంలోనూ ఏనుగే ఉంది, కొండంతది, పైన మావటివాడితో సహా. 1852లో ఈ మద్రాసులోనే అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో లావుకి బలమనే అర్థమూ ఉంది, స్థూలమనే అర్థమూ ఉంది. రోజువారీ మాటల్లో బలం జారిపోయి కొవ్వు మిగిలింది.

"ఒళ్ళు చేశావు" దారి వేరు. అదే సంగతిని "ఒళ్ళొచ్చింది" అని కూడా అంటాం. జ్వరమొచ్చింది, నిద్రొచ్చింది, ఒళ్ళొచ్చింది. అదొచ్చింది, మనం రమ్మనలేదు. "చేశావు" అనేసరికి కర్త నువ్వే అయిపోతావు. తప్పు చేశావు, అప్పు చేశావు, ఒళ్ళు చేశావు. గుచ్చుకునేది ఒళ్ళు కాదు, ఆ క్రియే అని నా అనుమానం.

మా పాత ఇళ్ళల్లో ఈ మాటలు లేవని కాదు, ఇంకా ఎక్కువే ఉండేవి. కానీ "చిక్కిపోయావే!" అన్న పెద్దావిడ అక్కడితో ఆగేది కాదు. లోపలికెళ్ళి నేతిగిన్నె తెచ్చేది, సున్నుండలు డబ్బాలో పెట్టి ఊరికి పంపేది. ఎవరైనా బాగా ఒళ్ళు చేస్తే "కాళ్ళు నొప్పులు పుడుతున్నాయా, రాత్రి పడుకోబోయే ముందు నూనె రాస్తాను" అనేది. అంటే మాట సగం, చేత సగం. ఇప్పుడు స్నేహితులు మొదటి సగం అనేసి ఫోన్ చూసుకుంటున్నారు. రెండో సగం చేసే ఉద్దేశం లేనివాడికి మొదటి సగం అనే హక్కు లేదంటాను. మీరేమంటారు?

తాంబరం నుంచి:

అక్కా, మీరు మరీ లోతుకు వెళ్ళారు. ఎదురుపడగానే మనిషి ఏదో ఒకటి అనాలి కదా. "ఒళ్ళు చేశావ్" అనేవాడు కర్త, క్రియ చూసుకుని అంటాడా? తమిళంలోనూ ఇంతే. చాలా రోజులకు కనిపిస్తే "ఇళచ్చుట్టే" (చిక్కిపోయావు) అంటారు, లేకపోతే "గుండాయిట్టే" అంటారు. మధ్యలో ఉండే భాగ్యం ఎవరికీ లేదు! నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన "గుండాయిట్టే" అంటే, నాకెవరు గుండు చేయించారని తల తడుముకున్నాను. వాళ్ళ గుండు మన లావు, మన గుండు వాళ్ళ మొట్టై.

నిజం చెప్పాలంటే నాకు మాటలు పడటం కంటే ఈ మధ్య వచ్చిన ముసుగు మాటలే చిరాకు. "హెల్దీగా ఉన్నావ్" అంటారు, కళ్ళు మాత్రం నా పొట్ట మీదే ఉంటాయి. దానికంటే లావయ్యావనడమే నయం.

పెరంబూరు నుంచి:

"హెల్దీ" విషయంలో మీతో ఏకీభవిస్తాను. తెలుగులోనూ ఆ ముసుగు పాతదే. "బాగయ్యావు" అనేవారు కదా. కానీ ఏదో ఒకటి అనాలి అనేదాన్ని ఒప్పుకోను. అనడానికి "ఎప్పుడొచ్చావు" ఉంది, "అమ్మ ఎలా ఉంది" ఉంది. ఉన్న మాటలన్నీ వదిలేసి పొట్ట దగ్గరికే వెళ్ళనక్కర్లేదు.

మడిపాక్కం నుంచి:

మరి "తిన్నావా?" అనడం కూడా తిండి గురించి మాట్లాడటమే కదండీ? అదీ మానేయాలా?

పెరంబూరు నుంచి:

అది ప్రశ్న. "తిన్నాను" అంటే అయిపోతుంది. ఎంత తిన్నావు, ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు అని ఎవరూ అడగరు. ఇక్కడివాళ్ళ "సాప్టియా", బెంగళూరు వాళ్ళ "ఊట ఆయ్తా" కూడా ఇలాంటివే. లేదంటే పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న, కనీసం ఒకప్పుడు. "మళ్ళీ అన్నమేనా" కూడా చూడటానికి ప్రశ్నలాగే ఉంటుంది కానీ దానికి జవాబు లేదు. అవునంటే తిండిపోతు, కాదంటే అబద్ధం.

టీ.నగర్ నుంచి:

నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన సంప్రదాయంలో ఇలా అనడం మామూలే అని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. మన సంప్రదాయమే దీనికి కట్టడి పెట్టింది, దాని పేరు దిష్టి. పసిపిల్లాణ్ణి చూసి "ఎంత బొద్దుగా ఉన్నాడో" అంటే తల్లి వెంటనే ఉప్పు, మిరపకాయలు తీసుకుని దిగదుడుస్తుంది. "నరుడి కంటికి నాపరాయి పగులుతుంది" అన్నది ఊరికే కాదు. దిష్టిని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ అది చెప్పే మర్యాద చాలా స్పష్టం: ఒకరి ఒంటి మీద, ఒకరి తిండి మీద కన్ను నిలపకు. తినేవాడి నోట్లోకి చూడకూడదని, పక్క విస్తరి చూడకూడదని, ముద్దలు లెక్కపెట్టకూడదని మా చిన్నప్పుడు బంతిలో కూర్చోబెట్టేటప్పుడే చెప్పేవారు. మారు వడ్డించేవాడు "ఇంకొంచెం" అనాలి, "ఇంకానా" అనకూడదు. ఒక్క మాట తేడా మీద ఇంటి పరువు నిలబడేది.

ఇంకొకటి. భీముడికి వృకోదరుడనే (తోడేలు పొట్టవాడనే) పేరు భారతమంతా ఉంది. అన్నదమ్ములు, కృష్ణుడు అలా పిలిచినా అతను ఏమీ అనుకోడు. సంస్కృత భారతంలో ద్రోణపర్వంలో కర్ణుడు భీముణ్ణి యుద్ధంలో అడ్డుకుని, చంపకుండా వింటికొప్పుతో పొడిచి, "ఔదరికా!" అంటాడు. అంటే పొట్టే లోకమైనవాడా అని. రకరకాల భోజనాలు ఉన్నచోట ఉండు, యుద్ధంలో నీకేం పని అంటాడు. భీముడికి బాణాల కంటే అదే ఎక్కువ తగిలింది, అర్జునుడి దగ్గరికి వెళ్ళి మరీ చెప్పుకున్నాడు. అదే పొట్ట, అదే మనిషి. చనువున్నవాడు పిలిస్తే పేరయింది, గెలిచినవాడు నలుగురి ముందు అంటే దెబ్బయింది.

తాంబరం నుంచి:

మాస్టారూ, అయితే చనువుంటే అనొచ్చన్నమాట. స్నేహితులంటే చనువున్నవాళ్ళే కదా! నా వాదన మీరే గెలిపించారు.

టీ.నగర్ నుంచి:

గెలిచానని సంబరపడకు నాయనా. చనువు ఉందో లేదో తేల్చేది అనేవాడు కాదు, పడేవాడు.

వేళచ్చేరి నుంచి:

నేను డాక్టర్ని. అసలు నోరే ఎత్తకూడదంటే మాత్రం నాకు భయంగా ఉంటుంది. ఏ ప్రయత్నం చేయకుండా మనిషి తగ్గిపోతూ, ఊరికే దాహమేస్తూ, రాత్రి మూత్రానికి పదేపదే లేస్తుంటే షుగర్ పరీక్ష కావాలి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గక, సాయంత్రం పూట జ్వరం కాస్తూ చిక్కిపోతుంటే క్షయ పరీక్ష కావాలి. ఒంటరిగా ఉండే కుర్రాళ్ళలో ఇది మొదట కనిపించేది రూమ్మేట్‌కే. అద్దంలో రోజూ చూసుకునేవాడికి తెలియదు.

అలాగని కంటి చూపును త్రాసు అనుకోకండి. థైరాయిడ్ తగ్గితే బరువు పెరుగుతుంది, అండాశయాల సమస్య పీసీఓఎస్‌లో పెరగొచ్చు, కొన్ని మానసిక ఆరోగ్య మందులతోనూ పెరగొచ్చు. స్టెరాయిడ్ మాత్రలు వాడితే ముఖం ఉబ్బుతుంది, చూసినవాళ్ళు "బుగ్గలొచ్చాయే" అంటారు. ఆ మాత్రలు ఎందుకు వాడుతున్నారో ఆ పిల్ల మీకు చెప్పాలా? మనవాళ్ళకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు కొలత) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. నడుం చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదంటాం. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాణ్ణి అందరూ సన్నగా ఉన్నావంటారు. నేను ముందు పరీక్షలు రాసేది అతనికే.

పెరంబూరు అక్కగారు చెప్పిన పెద్దావిడ సంగతికి ఒక చిన్న చేర్పు. ఒకప్పుడు క్షయ ఉన్నవాడు తేరుకున్నాడనడానికి ఒళ్ళు రావడమే గుర్తు. శానటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) పాలు, గుడ్లు, విశ్రాంతి, అదే వైద్యం. 1956లో మన మద్రాసులోనే మొదలైన అధ్యయనంలో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. శానటోరియంలో మంచి తిండి తిన్నవాళ్ళు బరువు ఎక్కువ పెరిగారు. కానీ జబ్బు నయమవడంలో మాత్రం ఇంట్లో మందులు వాడినవాళ్ళు వెనకబడలేదు. మందు పనిచేసింది, ఒళ్ళు కాదు. ఒళ్ళే ఆరోగ్యం అనే అలవాటు మన మాటల్లోంచి ఇంకా పోలేదు, ఇప్పుడు దాన్నే తిరగేసి సన్నమే ఆరోగ్యం అంటున్నాం.

అనుమానం వస్తే పక్కకు పిలిచి, "ఒంట్లో బాగుంటోందా? పరీక్షకి వెళ్దామంటే నేనొస్తా" అనండి. చిక్కావు, లావయ్యావు అనే మాటే రానక్కర్లేదు.

మాధవరం నుంచి:

"నేనొస్తా" అన్నది బాగుంది డాక్టరుగారూ. పెరంబూరు అక్క అన్న రెండో సగం అదే.

మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. పెరుగన్నం వేసుకుంటుంటే పక్కమ్మాయి "నువ్వింకా పెరుగన్నం తింటున్నావా?" అని ఆశ్చర్యపోయిందట, అంతే. తిట్టలేదు, లావన్నది కూడా లేదు. మా పిల్ల ఆ వారమంతా రాత్రి భోజనానికే దిగలేదు. ఫోన్లో "తిన్నావా" అంటే "తిన్నా" అనేది. ఆ పక్కమ్మాయికి తనేమందో ఈపాటికి గుర్తుండి కూడా ఉండదు.

షోళింగనల్లూరు నుంచి:

ఆ ప్రశ్న అడిగింది నేనే. ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. నాకు "దొడ్డుగైనవ్" అన్నవాడి మీద అసలు కోపం రాలేదు. "ఒళ్ళు చేశావ్" అన్నవాడి మీద మాత్రం వచ్చింది. అర్థం ఒకటే కదా, ఎందుకలా అని ఆలోచిస్తున్నాను. క్రియ వల్లేనంటారా అమ్మా?

షోళింగనల్లూరు నుంచి, మరొకరు:

గా దొడ్డుగైనవ్ అన్నది నేనే. వీడే నన్ను గ్రూపులో చేర్చిండు. మా దిక్కు దొడ్డు అంటే తిట్టు కాదు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం అంటం కదా, అట్లనే. మా నాయనమ్మ దొడ్డుగైతే మంచిగున్నవ్ బిడ్డా అంటది, బక్కగైతేనే బుగులు పడుతది. ఇంకో ముచ్చట వీడు మీకు చెప్పలేదు. రూమ్‌ల రాత్రి వంట చేసేది నేనే. పప్పుల నెయ్యి ఎక్కువేసేది కూడా నేనే.

పెరంబూరు నుంచి:

అయితే బాబూ, నువ్వనుకో! నాకేం అభ్యంతరం లేదు. నీది చేతిపని చూసుకుని మురిసిపోవడం. కరీంనగర్ దొడ్డుకు కన్నడంలోనూ చుట్టాలున్నారు. అక్కడ దొడ్డవరు అంటే పెద్దవాళ్ళు, గౌరవంగా అనే మాట.

ఇక నీ ప్రశ్న. క్రియ వల్లేనని నేను పట్టుబట్టను. అన్నం పెట్టేవాడు అన్న మాటకీ, పెట్టనివాడు అన్న మాటకీ చెవి తేడా పట్టేస్తుంది. "మళ్ళీ అన్నమేనా" అనే ఆ మూడో అబ్బాయితో ఒకసారి నువ్వే మాట్లాడు. నలుగురిలో కాదు, నువ్వూ అతనూ ఉన్నప్పుడు. "నా కంచం సంగతి వదిలెయ్‌రా, నాకు ఇబ్బందిగా ఉంది" అను చాలు. జోక్‌కి జోక్ కలిపితే రేపు ఇంకోటి వస్తుంది.

తాంబరం నుంచి:

సరే, నేను ఓడిపోయాననుకోండి, పోనీ సగం. ఒక భాషా సందేహం మాత్రం తీర్చండి. తమిళంలో సన్నగా ఉన్నవాణ్ణి ఒల్లి అంటారు. మనం లావైనవాణ్ణి ఒళ్ళు చేశాడంటాం. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా? ఒక ఒల్లి ఇంకో ఒళ్ళుగా మారిందా?

టీ.నగర్ నుంచి:

లేదు. మన ఒళ్ళు ఒడలు నుంచి వచ్చింది, తమిళంలో దాని చుట్టం ఉడల్. ఒల్లి ఇంటిపేరు వేరు. ల, ళ తేడా చెవికి పట్టకపోతే ఇలాంటి సంబంధాలు చాలా కలుస్తాయి. దీని మీద ఇంకా అడగాలంటే వేరే చర్చ పెట్టు, ఇక్కడ వద్దు.