డచ్‌లో విడిపోయే క్రియలు: రూల్ ముందా, నోటికి రావడం ముందా?

సందేహం_ఆమ్‌స్టెల్‌వేన్: ఇన్‌బుర్ఖెరింగ్ (నెదర్లాండ్స్‌లో స్థిరపడేవాళ్ళకి పెట్టే పరీక్ష)లో డచ్ మాట్లాడే భాగానికి తయారవుతున్నాను. దినచర్య చెప్పమంటే, నేను ఏడింటికి లేస్తాను అనడానికి "ఇక్ ఓప్‌స్టా ఓమ్ జేవెన్ ఊర్" అన్నాను, తప్పన్నారు. "ఇక్ స్టా ఓమ్ జేవెన్ ఊర్ ఓప్" అనాలట. ఓప్‌స్టాన్ అంటే లేవడం, ఒకే మాట కదా. ఓప్‌ని చివరికి తోసేయాలని మాట్లాడేటప్పుడు ఎలా గుర్తుంటుంది?

గోదారి_హేగ్: ఓప్ ఎక్కడికీ పోలేదండీ, కదిలింది స్టా. ఇంగ్లీషు పక్కన పెట్టి తెలుగులో చూడండి. "ఓమ్ జేవెన్ ఊర్ ఓప్‌స్టాన్", "ఏడు గంటలకు లేవడం", రెండిటిదీ ఒకటే వరస. మామూలు వాక్యంలో క్రియ రెండో చోటికి దూకుతుంది, ఓప్ ఉన్నచోటే ఉండిపోతుంది. ఓమ్‌డాట్ వస్తే ఆ దూకుడు కూడా ఉండదు: "ఓమ్‌డాట్ ఇక్ ఓమ్ జేవెన్ ఊర్ ఓప్‌స్టా", అంటే "నేను ఏడింటికి లేస్తాను కాబట్టి". డచ్ అసలు వరసలో క్రియ చివరే ఉంటుందని యాన్ కోస్టర్ అనే భాషాశాస్త్రవేత్త 1975లోనే వాదించాడు.

ఐంధోవెన్_అమ్మ: ఇదంతా తలలో తిప్పుకునేలోపు బేకరీలో అమ్మాయి ఇంగ్లీషులోకి మారిపోతుంది. నేను పది వాక్యాలు బట్టీ పట్టాను. "ఇక్ క్లేట్ మె ఆన్" (బట్టలు వేసుకుంటాను), "ఇక్ బ్రెంగ్ మెయ్న్ డోఖ్టర్ వెఖ్" (మా అమ్మాయిని దింపి వస్తాను). రోజూ వాడతాను, ఏ రూలూ తెలియదు.

గోదారి_హేగ్: మరి టైము ముందు పెట్టి చెప్పండి చూద్దాం.

ఐంధోవెన్_అమ్మ: ఓమ్ జేవెన్ ఊర్ ఇక్ స్టా ఓప్.

గోదారి_హేగ్: తప్పు. "స్టా ఇక్ ఓప్". క్రియ రెండో చోటు వదలదు. బట్టీ వాక్యం కాస్త కదిపితే విరిగిపోతుందని నేను చెప్పేది ఇందుకే.

రోటర్‌డామ్_బాబాయ్: టైము కూడా జాగ్రత్త. హాల్ఫ్ ఆఖ్ట్, మాటకి మాట "సగం ఎనిమిది", అంటే ఏడున్నర. ఎనిమిదిన్నర అనుకుని గంట లేటుగా వెళ్ళాను.

ఐంధోవెన్_అమ్మ: తప్పే, కానీ అర్థమైందా లేదా? క్లాసులో ప్రతి మాటకీ ఇలాగే ఆపేవారు. నాలుగు వారాలు నోరు విప్పలేదు, అయిదో వారం మానేశాను. మీలాంటి వాళ్ళ వల్లే ఇక్కడ ఏళ్ళ తరబడి ఉండి కూడా మన ఆడవాళ్ళు పక్కింటి వాళ్ళతో మాట్లాడలేకపోతున్నారు.

గోదారి_హేగ్: మీలాంటి వాళ్ళంటే ఎవరండీ? నాది తెలుగు మీడియం. "నీకు ఇంగ్లీషే సరిగా రాదు, డచ్ ఏం వస్తుంది" అని మనవాళ్ళే మొహం మీద అన్నారు. క్లాసులో అన్నీ ఇంగ్లీషులో చెబితే నాకు సగం అందలేదు. తెలుగు వరసతో పోల్చుకున్నాకే తలకెక్కింది. అది పనికిరాదంటే నాకు ఆ పాత మాటే వినిపిస్తుంది.

ఐంధోవెన్_అమ్మ: తెలుగు వద్దని నేను అనలేదు అన్నా. మాట పూర్తవకముందే దిద్దొద్దు అంటున్నాను.

గోదారి_హేగ్: దిద్దకపోతే ఆ తప్పే నోట్లో పాతుకుపోతుంది. అక్కడ మాత్రం ఒప్పుకోను.

సందేహం_ఆమ్‌స్టెల్‌వేన్: "ఓమ్ హాల్ఫ్ జేవెన్ స్టా ఇక్ ఓప్, ఓమ్‌డాట్ ఇక్ మెయ్న్ డోఖ్టర్ వెఖ్‌బ్రెంగ్." వెఖ్‌బ్రెంగ్ కలిపే ఉంచాను. సరేనా?

గోదారి_హేగ్: సరిగ్గా ఉంది.

ఐంధోవెన్_అమ్మ: రాసి ఊరుకోకండి, పైకి పదిసార్లు అనండి.