ఎథెల్ ఫెన్విక్ నర్సులకు గౌరవం తెచ్చిందా, గేటు వేసిందా?

నైట్‌డ్యూటీ:
నర్సుల దినోత్సవం రోజు నైటింగేల్ ఫొటోకి దండ వేస్తాం, దీపం వెలిగిస్తాం. మన సర్టిఫికెట్ మీదుండే రిజిస్ట్రేషన్ నంబరు కోసం కొట్లాడింది మాత్రం ఇంకొకావిడ, ఎథెల్ బెడ్‌ఫోర్డ్ ఫెన్విక్. అదీ నైటింగేల్‌ని ఎదిరించి మరీ! 24 ఏళ్ళకే, 1881లో, లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రికి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద. 1887లో ఒక డాక్టర్‌ని పెళ్ళి చేసుకుని ఉద్యోగం మానేసింది. ఇంట్లో కూర్చుందా అంటే, లేదు. అదే ఏడు బ్రిటిష్ నర్సుల సంఘం పెట్టి, మూడేళ్ళ ట్రైనింగ్, పరీక్ష, అర్హత ఉన్న నర్సుల పేర్లతో ప్రభుత్వ రిజిస్టర్ కావాలని పట్టుబట్టింది. చట్టం వచ్చేసరికి 1919 అయింది. నా ఓటు ఈవిడకే. మీరేమంటారు?

కొల్లేటి కొంగ:
నేను ఒప్పుకోను అక్కా. మంచి నర్సెవరో పరీక్షతో తేలదు, పక్కనుండి పని చూస్తేనే తెలుస్తుందని నైటింగేల్ వాదన. నాకదే నిజమనిపిస్తుంది. మా బాబుకి మూడో నెలలో జ్వరమొస్తే ఆస్పత్రిలో చేర్చాం. కోర్సు పాసైన ఇద్దరు సిస్టర్లు నాలుగు చోట్ల పొడిచినా నరం దొరకలేదు. వాడి ఏడుపు వరండా దాకా వినబడుతోంది. చివరికి ఆయమ్మ వచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డ వాడి చేతికి చుట్టి, కాసేపు ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడు చూడండమ్మా" అంది. నరం తేలింది. ఆవిడకి ఏ నంబరుందండీ?

నైట్‌డ్యూటీ:
తమ్ముడూ, ఆయమ్మ గుడ్డ చుట్టింది, సూది గుచ్చలేదు కదా. రేపు ఆవిడ చేతే ఇంజెక్షన్ చేయించి, డోసు తేడా వస్తే ఎవర్ని పట్టుకుంటావు? ఆ రోజుల్లో లండన్‌లో ఎవరైనా తెల్ల ఏప్రన్ కట్టుకుని నర్సునని చెప్పుకోవచ్చు, అడిగేవాడు లేడు. రిజిస్టర్ ఉంటే తప్పు చేసినవాళ్ళ పేరు కొట్టేయొచ్చు. అసలు సంగతి అదీ.

బ్రదర్ నం. 9:
నేను మేల్ నర్సుని. ఇద్దరూ ఒక విషయం వదిలేశారు, డబ్బు. ఫెన్విక్ 1878లో నాటింగ్‌హామ్ పిల్లల ఆస్పత్రిలో ఎదురు డబ్బు కట్టి ట్రైనింగ్‌లో చేరింది. 1879కల్లా లండన్ హాస్పిటల్‌లో సిస్టర్ (వార్డు పెద్ద), ఇంకో రెండేళ్ళకి మేట్రన్. అంత తొందరగా పైకెక్కినావిడ మిగతావాళ్ళకి మూడేళ్ళు కావాల్సిందే అంది! మంచి కుటుంబాల అమ్మాయిలు వస్తేనే వృత్తికి పరువు అనుకునే తరహా మనిషి. నైటింగేల్ స్కూల్లోనూ డబ్బు కట్టే దొరసానులు ఉండేవాళ్ళు లెండి, అది వేరే సంగతి. పైగా 1919 చట్టంలో మగ నర్సుల్ని ప్రధాన రిజిస్టర్లో కలపలేదు, విడిగా అనుబంధంలో పడేశారు. మాకు గౌరవం ఎక్కడ?

లీడ్స్ తెలుగమ్మాయి:
అప్పటికే పనిచేస్తున్నవాళ్ళు పరీక్ష లేకుండా చేరడానికి గడువిచ్చారు అన్నా, అందరికీ తలుపు మూసేయలేదు. నేను గుంటూరులో చదివి ఇక్కడికి, ఇంగ్లండ్‌కి వచ్చాను. ఇక్కడి రిజిస్టర్లో చేరడానికి రాసే ప్రాక్టికల్ పరీక్ష రోజు, చేతులు కడుక్కునే దగ్గరే టెన్షన్‌తో సబ్బు రెండుసార్లు జారిపోయింది. పదేళ్ళు వార్డులో చేసినదాన్ని, మళ్ళీ మొదటి నుంచి నిరూపించుకోవాలా అని ఏడుపొచ్చింది. కానీ పిన్ నంబరు (ఇక్కడి రిజిస్ట్రేషన్ నంబరు) చేతికొచ్చాక, డోసు ఎక్కువుందని డాక్టర్‌తో చెప్పడానికి జంకలేదు. మన దగ్గరా 1926లోనే మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. అప్పుడు గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది.

కొల్లేటి కొంగ:
సరే చెల్లెమ్మా, నీ పిన్ నంబరుకి దండం. 1921లో రిజిస్టర్ తెరిచినప్పుడు 1వ నంబరు ఎవరికి పడిందో కూడా చెప్పండి మరి.

నైట్‌డ్యూటీ:
ఫెన్విక్‌కే. దాచేదేముంది? ఆ తర్వాత, రిజిస్టర్‌ని నడిపే నర్సుల కౌన్సిల్‌కి జరిగిన మొదటి ఎన్నికల్లో ఓడిపోయింది కూడా. ఓటేసింది ఆ రిజిస్టర్లో ఉన్న నర్సులే. బ్రదర్ చెప్పిన డబ్బు సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఫీజు కట్టలేక రెండో ఏడే మానేశారు. డ్యూటీకి టైమైంది, పొద్దున్న వచ్చి చూస్తా.