కాళ్లలో పీకుడుకి ఆక్యుపంక్చర్: సూదులు ఆపాక కూడా ఫలితం నిలుస్తుందా?

నాకు 47 ఏళ్లు. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని న్యూరాలజిస్ట్ తేల్చి రెండేళ్లయింది. రాత్రి పదిన్నరకు నడుం వాల్చగానే రెండు పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లోపల్నుంచి లాగుతున్నట్టు మొదలవుతుంది. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. లేచి హాల్లో నాలుగు అడుగులు వేస్తే ఆగుతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. ఒంటిగంటన్నర దాకా ఇదే వరస.

ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) తక్కువగా 22 ఉంటే ఆరు నెలలు ఐరన్ మాత్రలు వాడాను, ఇప్పుడు 58. కాస్త తగ్గింది, అంతే. ఈ జబ్బుకిచ్చే ప్రామిపెక్సోల్ మాత్ర 0.125 కొన్నాళ్లు అద్భుతంగా పనిచేసింది. తర్వాత సాయంత్రం ఆరింటికే పీకుడు మొదలైంది. ఆ మందుతోనే ఒక్కోసారి అలా ముదురుతుందని డాక్టర్ మెల్లగా తగ్గించి ఆపించారు. ఇప్పుడు రాత్రికి గాబాపెంటిన్ 300 ఒకటి. పొద్దున పదింటిదాకా మత్తు వదలదు. జలుబుకి సెట్రిజిన్ వేసుకున్న రాత్రి నరకం చూశాను, ఇక దాని జోలికి పోలేదు. కాఫీ మానేశాను (టీ మానలేదు, నిజం చెప్పాలిగా).

నెలన్నరగా మందుతోపాటు ఆక్యుపంక్చర్ కూడా చేయించుకుంటున్నా. వారానికి రెండు చొప్పున 11 సిట్టింగ్‌లు అయ్యాయి. మోకాలి కింద, చీలమండ పైన, పాదం మీద సూదులు పెట్టి 25 నిమిషాలు ఉంచుతారు. ఆ రాత్రి మూడు నాలుగు గంటలు ఏకబిగిన నిద్ర పడుతుంది. మర్నాడు మళ్లీ మామూలే. 20 దాకా రమ్మంటున్నారు.

ఈ సమస్యకే ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లు చెప్పండి: సూదులు ఆపాక కూడా ఉపశమనం నిలిచిందా, నిలిస్తే ఎన్నో సిట్టింగ్ నుంచి?