‘జైనిచి’ని తెలుగు సబ్‌టైటిల్‌లో ఏమని రాయాలి?

2001లో ఇసావో యుకిసాదా తీసిన జపనీస్ సినిమా ‘గో’కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర పది రోజులుగా ఆగిపోయాను.

హీరో సుగిహారా జపాన్‌లోనే పుట్టి పెరిగిన కొరియన్ కుర్రాడు. తను జపనీయుడు కాదని చెప్పగానే, ప్రేమించిన సకురాయ్ బిగుసుకుపోతుంది. చివర్లో రాత్రిపూట స్కూల్ గ్రౌండ్‌లో అతను అరిచే అరుపంతా, తనలాంటి కొరియన్లని జపాన్‌లో పిలిచే ‘జైనిచి’ అనే పిలుపు మీదే. ఆ మాటకి అర్థం ‘జపాన్‌లో ఉంటున్న’ అని. అంటే ఎప్పటికైనా వెళ్లిపోయేవాడిననేగా మీ ఉద్దేశం అన్నది అతని బాధ. ఆ సీన్ చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది, అందుకే ఏదో ఒకటి రాసి వదిలేయలేను.

‘ప్రవాస కొరియన్’ అని పెట్టాను. కానీ ప్రవాస భారతీయులు అనే మాట విని విని, మనకది గౌరవంగా వినిపిస్తుంది, గుచ్చదు. ‘వలస వచ్చినవాడు’ తప్పు, వచ్చింది ముందు తరాలవాళ్లు, ఎక్కువమంది 1910-1945 మధ్య కొరియా జపాన్ పాలనలో ఉన్నప్పుడు. ‘పరదేశి’ పాటలో మాటలా ఉంది. ‘జైనిచి’ అనే ఉంచి ముగ్గురికి చూపిస్తే, ఇద్దరు అది ఎవరిదో పేరనుకున్నారు. లైన్ తెరమీద ఉండేది రెండు సెకన్లే, వివరణ పట్టదు.

పైకి మామూలు పిలుపులా ఉంటూనే ‘నువ్వు ఇక్కడివాడివి కాదు’ అని గుచ్చే తెలుగు మాట, ఒకటి రెండు పదాల్లో, మీకేదైనా తోస్తోందా?