350 బుల్లెట్ బాబర్ ఇంజన్ చేయించాలి: ఎంతవరకు విప్పాలి?

భీమవరం బాబర్: అన్నలూ, నాది బాబర్‌గా (అదనపు భాగాలు తీసేసి పొట్టిగా కోసిన బండి) చేయించిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 350, పాయింట్ల (ప్లగ్గు నిప్పురవ్వని నడిపే చిన్న స్విచ్చు) బండి. నాలుగు రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే గుప్పుమని పొగ, కాసేపటికి తగ్గిపోతోంది. కింద టకటకమంటోంది. స్పీడు అక్కర్లేదు, నరసాపురం, రాజోలు తిరిగొస్తే చాలు. హై కంప్రెషన్ పిస్టన్ వేయించమంటున్నారు. వేయించనా?

తణుకు లేత్: వద్దండి. మీది 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. కంప్రెషన్ పెంచితే ఆ దెబ్బంతా బిగ్ ఎండ్ (పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే కింది కొస) మీద పడుతుంది. పాతవాటిలో అక్కడ రోలర్లుండవు, తేలే బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉంటుంది. మామూలు కంప్రెషన్ పిస్టనే వేసి, మిగిలిన డబ్బు క్రాంకు మీద పెట్టండి.

హెడ్డు, బ్యారెల్ దింపాక పిస్టన్ పైన ఉండగా రాడ్డు పట్టుకుని నిలువుగా లాగి చూడండి. పక్కలకు కొంచెం ఆడితే ఫర్వాలేదు, పైకీ కిందకీ ఏమాత్రం ఆడినా క్రాంకు విడగొట్టాల్సిందే. పిన్ను, బుష్ మార్చాక సెంటరింగ్ (క్రాంకు వంకర లేకుండా తిరిగేలా సరిచేయడం) చేయించి, డయల్ గేజి మీద 0.05 మి.మీ. లోపు ఉందని మీ కళ్లతో చూసి తెచ్చుకోండి.

బోరింగ్‌కి (సిలిండర్ లోపల అరగదీసి సైజు పెంచడానికి) బ్యారెల్‌తో పాటు కొత్త పిస్టన్ కూడా ఇవ్వాలి. డబ్బా మీద సైజు చూసి బోరు కొట్టకూడదు. పిస్టన్‌ని స్కర్టు (రింగుల కింది భాగం) కింది అంచు దగ్గర, పిన్నుకి అడ్డంగా కొలిచి, సుమారు 0.10 మి.మీ. సందు ఇవ్వమనండి. తగ్గితే ఎండలో పట్టేస్తుంది, బాగా ఎక్కువైతే చప్పుడు, ఆయిల్ తాగుడు. రింగుని బోరులో సమంగా దింపి ఫీలర్ (సందు కొలిచే రేకు) తో చూడండి, చివరల మధ్య 0.28–0.30 మి.మీ. ఉండాలి. మన తేమకి హోనింగ్ (రాయితో నునుపు గీతలు పెట్టడం) చేసిన బోరు తెల్లారేసరికి తుప్పెక్కుతుంది. షాపులోనే ఆయిల్ పూయించండి.

పాలకొల్లు పాయింట్లు: తమ్ముడూ, పొగ వచ్చి తగ్గిపోతోందంటే తప్పు రింగులది కాకపోవచ్చు. బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ పంపు దాటి క్రాంకు కేసులోకి దిగుతోంది. టైమింగ్ కవర్‌లో పంపు డిస్కులు తీసి, సన్న గ్రైండింగ్ పేస్టుతో వాటి సీటు మీదే రుద్దాలి. చుట్టూ తెగకుండా బూడిదరంగు వలయం వచ్చేదాకా ఆపొద్దు. తర్వాత పేస్టు చుక్క కూడా మిగలకుండా కిరసనాయిలుతో కడగాలి.

అక్కడే ఒక జాగ్రత్త. పంపుల్ని తిప్పే వార్మ్ (మెలికల గేరు) ది ఎడమ మర. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. సుత్తేసి కొడితే షాఫ్టు మరే పోతుంది. క్రాంకు చివర ఆయిల్ ఫీడు సీలు కొత్తది వేయి. అది కారితే బిగ్ ఎండ్‌కి ఆయిల్ అందదు, పైన పెట్టిన ఖర్చంతా కాలవలో పోసినట్టే.

వాల్వులు ల్యాపింగ్ (పేస్టుతో సీటు మీద రుద్దడం) అయ్యాక పోర్టులో కిరసనాయిలు పోసి ఐదు నిమిషాలు చూడు, చెమ్మ దిగకూడదు. పాయింట్ల గ్యాపు 0.35–0.40 మి.మీ. ఆటో అడ్వాన్సు (వేగం పెరిగితే నిప్పురవ్వని ముందుకు జరిపే భాగం) కదలకుండా ఉన్నప్పుడు, పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడాలి. ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయడం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే: పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు.

భీమవరం బాబర్: పొట్టి సైలెన్సర్, ఓపెన్ ఫిల్టర్ ఉన్నాయి. కార్బురేటర్ కదపాలా?

పాలకొల్లు పాయింట్లు: ఓపెన్ ఫిల్టర్ తీసెయ్. కోత మిషన్ల సీజన్లో ఆ దుమ్ము కొత్త బోరుని తినేస్తుంది. పెట్రోలు ఇప్పుడు E20 (20 శాతం ఇథనాల్ కలిపినది), దాంతోనే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడుతుంది, పొట్టి సైలెన్సర్‌తో ఇంకా పలచబడుతుంది. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచి ప్లగ్గు చూడు. తెల్లగా ఉంటే ఇంకా పెంచాలి, లేత ఇటుకరంగు వస్తే చాలు. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, మార్చెయ్. వారాల తరబడి నిలబెట్టేటట్టయితే కార్బురేటర్ ఖాళీ చెయ్.

తణుకు లేత్: స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీసి, హెడ్డు మీది రాకర్ పైపు బోల్టు వదులు చేసి, ఆయిల్ కనబడేదాకా కిక్కు కొట్టండి. కనబడకపోతే స్టార్ట్ చేయొద్దు. 20W-50 వేసి, 100 కి.మీ.కి ఒకసారి, 500కి ఒకసారి మార్చండి. హెడ్డు నట్లు మొదటి వేడి పూర్తిగా చల్లారాక ఎదురెదురు నట్లు వరసగా, క్రాస్‌గా మళ్లీ బిగించాలి.

మన దగ్గర ఎత్తుపల్లాలు లేవు కదాని కాలవ గట్టున ఒకే యాక్సిలేటర్ మీద పోనివ్వకండి, రింగులు సీటవ్వవు. 500 కి.మీ. దాకా గంటకు 50 కి.మీ. వేగం దాటకుండా, పెంచుతూ తగ్గిస్తూ నడపండి. చించినాడ వంతెన టాప్ గేరులో గుంజుతూ ఎక్కొద్దు, గేరు దించండి.