బాలనాగమ్మ కథను చీకటి నవలగా తిరగరాయవచ్చా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
పీటర్ పాన్‌ను హంతకుడిగా, ఓజ్ కథలోని డోరతీని నిరంకుశురాలిగా చూపే ఇంగ్లీషు నవలలను మా పదో తరగతి పిల్లలు చేతులు మార్చుకుంటూ చదువుతున్నారు. వాటిని చూశాక, మన బాలనాగమ్మ కథను కోనసీమ లంకల నేపథ్యంలో ఆ వయసు వాళ్ల కోసం రాయాలనిపించింది. అయితే అందరూ చిన్ననాడు ఇష్టంగా విన్న కథలో రక్తపాతం నింపడం న్యాయమేనా? కాపీరైట్ చిక్కులు ఏమైనా ఉంటాయా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
నింపవలసిన పనే లేదండీ, ఉన్నదే కావలసినంత. పీటర్ పాన్ 1904లో నాటకంగా, 1911లో నవలగా వచ్చింది. దీవిలోని పిల్లలు ఎదుగుతున్నట్టు కనిపిస్తే, అది నియమవిరుద్ధం కనుక పీటర్ వాళ్ల సంఖ్య తగ్గిస్తాడని ఆ నవలలో రచయిత బారీ ఒక్క మాట అనేసి ముందుకు సాగిపోతాడు. ఎలా తగ్గిస్తాడో చెప్పడు. 1900 నాటి ఓజ్ కథలో మంత్రం పెట్టిన గొడ్డలి ఒక కట్టెలు కొట్టేవాడి కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే నరికేస్తుంటే, రేకుపని చేసేవాడు తగరంతో కొత్తవి అమర్చుతూ పోతాడు. ఆ తగరపు మనిషే తరువాత నలభై తోడేళ్ల తలలు తెగవేస్తాడు. గ్రిమ్ సోదరుల 1812 సంపుటిలో స్నోవైట్‌ను చంపించబూనింది కన్నతల్లి. 1819 కూర్పులో ఆమెను సవతితల్లిగా మార్చారు.

కాబట్టి బాలనాగమ్మలోనూ ముందు మూలాన్నే తవ్వండి. చాలామంది ఆమెను ఎత్తుకుపోయిన మాయల ఫకీరు దగ్గరే ఆగిపోయి, వాడి చుట్టూ పుర్రెలు పేర్చుతారు, అది విసుగు. నాకు భయం వేసే ఘట్టం వేరు. భిక్షకు వచ్చినవాణ్ణి నమ్మి, ఉయ్యాలలో బిడ్డను వదిలి, కుక్కగా మారి వాడి వెంట పోయిన తల్లి, నోము పేరు చెప్పి ఏళ్ల తరబడి వాణ్ణి దూరంగా ఉంచింది. ఒకనాడు పూలమ్మే ముసలమ్మ మనుమడిగా వచ్చిన కుర్రవాడు నేను నీ కొడుకునంటాడు. ఏ వేషమైనా వేయగల ఫకీరు ఇంట్లో ఉన్న మనిషి ఆ మాట ఎలా నమ్ముతుంది? ఈ ఒక్క అనుమానం మీద నవలంతా నిలబెట్టవచ్చు.

జవాబు (రాజోలు నుంచి):
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. అసలు కథ తెలిసిన పాఠకుడికే తిరగరాత రుచిస్తుంది. ఆలిస్, పీటర్ పాన్ సినిమాల పుణ్యమా అని లోకమంతా తెలుసు. మా వైపు తీర్థాలలో రాత్రంతా బుర్రకథ నడిచిన రోజులు పోయి ఇప్పుడు డీజే మోగుతోంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఫకీరు ప్రాణం ఉందని తెలియని పిల్లవాడికి, మీరు దాన్ని ఎంత మలుపు తిప్పినా మలుపుగా తోచదు. మొదటి అధ్యాయాల్లోనే ఎవరో ఒక బామ్మ చేత అసలు కథ సూటిగా చెప్పించండి. లంకల నేపథ్యం మాత్రం బాగుంది: వరదకు కాజ్‌వే మునిగి, పడవ తప్ప దిక్కులేని ఊళ్లో బందీగా ఉండటమంటే ఏమిటో మన పిల్లలకు వేరే వర్ణించనక్కరలేదు.

జవాబు (భీమవరం నుంచి):
కాపీరైట్ సంగతి క్లుప్తంగా: జానపద కథ ఎవరి సొత్తూ కాదు. మన చట్టం ప్రకారం రచయిత పేరుతో వెలువడిన రచనకు, ఆయన మరణానంతరం 60 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. సినిమాల్లో అదనంగా చేర్చినవాటితో జాగ్రత్త. ఓజ్ పుస్తకంలో డోరతీవి వెండి చెప్పులు, కెంపు చెప్పులు 1939 సినిమా కల్పన. మీరూ బుర్రకథ పాఠాన్నే ఆధారం చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మరి కథ ఎవరి నోట చెప్పించాలి, తల్లి నోటనా, కొడుకు నోటనా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
ఇద్దరూ వద్దు, సంగు చేత చెప్పించండి. ఫకీరు పంచన ఉంటూ బాలనాగమ్మను దగ్గర నుంచి చూసే ఆడమనిషి ఆమే. ఆమె ఎవరి పక్షమో చిలుక చేతికి చిక్కేదాకా తేల్చకండి.